పసిఫికా షార్ప్ పార్క్ గోల్ఫ్ కోర్సు: చరిత్ర, మడుగు, కప్పలు, పాములు – తరచుగా అడిగే ప్రశ్నలు

బే ఏరియాలో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లూ, పక్కనే ఉన్న మోరీ పాయింట్ అనే సముద్రతీరపు కొండకి నడకకి వెళ్లేవాళ్లూ షార్ప్ పార్క్ గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. రుసుములు, వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి అంకెలు ఇవ్వలేదు. బుక్ చేసే రోజున చూసుకోండి.

## వెళ్లేముందు

షార్ప్ పార్క్ అంటే పార్కా, గోల్ఫ్ కోర్సా? ఇంతకీ ఎవరిది?

రెండూ. మొత్తం పార్కు సుమారు 400 ఎకరాలు. అందులో ఒక భాగమే 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు. మిగతాది మడుగు, తూర్పున కొండలోయ, విలువిద్య మైదానం, చెట్లు. అందరూ తికమకపడే సంగతి ఒకటుంది: స్థలం ఉన్నది శాన్ మటేయో కౌంటీలోని పసిఫికా ఊళ్లో, సొంతదారు మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో నగరం. నడిపేది ఆ నగరపు పార్కుల శాఖ. అందుకే ఇక్కడ కప్ప గురించి గొడవ వచ్చినా, కరకట్ట గురించి వచ్చినా తీర్మానాలు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్లోనే జరుగుతాయి.

సన్నీవేల్, ఫ్రీమాంట్ వైపు నుంచి ఎలా రావాలి?

సన్నీవేల్ నుంచైతే 280 మీద ఉత్తరంగా వచ్చి వెస్ట్‌బరో బులవార్డ్ దగ్గర దిగి పడమరకి తిరగండి. స్కైలైన్ బులవార్డ్ దాటగానే అదే రోడ్డు పేరు షార్ప్ పార్క్ రోడ్‌గా మారుతుంది. అక్కడి నుంచి నిటారుగా దిగుడు, ఎదురుగా సముద్రం. రోడ్డు కింద హైవే 1ని కలిసేచోటే కోర్సు. ఫ్రీమాంట్ నుంచైతే 880, శాన్ మటేయో వంతెన, 92 మీదుగా 280 ఎక్కి ఇదే దారి పట్టండి. ఆ దిగుడులో మంచు కమ్మిన రోజు ముందు బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించవు, నెమ్మదిగా దిగండి. కారు లేనివాళ్లు డేలీ సిటీ బార్ట్ స్టేషన్ దాకా వచ్చి పసిఫికా వెళ్లే శామ్‌ట్రాన్స్ బస్సు ఎక్కొచ్చు.

ఆడేవాళ్లు క్లబ్‌హౌస్ దగ్గరే ఆపుకోవచ్చు. నడకకి వచ్చేవాళ్లకి ఉత్తరాన పియర్ పక్కనున్న బీచ్ బులవార్డ్ నయం. మోరీ పాయింట్ దారి మొదలయ్యేచోట ఉన్నవి నాలుగిళ్ల మధ్య వీధి స్థలాలే. శనాదివారాల్లో పొద్దున 10 దాటితే దొరకవు.

మెంబర్‌షిప్ లేకుండా ఆడనిస్తారా? ఎప్పుడూ ఆడనివాళ్లు రావచ్చా?

ఇది పబ్లిక్ కోర్సు. డబ్బు కట్టి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) తీసుకుంటే ఎవరైనా ఆడొచ్చు. వారం మధ్యలో తక్కువ, శనాదివారాల్లో ఎక్కువ. సాయంత్రం ట్విలైట్ రేటు అన్నిటికన్నా తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో వాసులకు వేరే రేటు ఉంటుంది, గుర్తింపు కార్డు చూపాలి.

క్లబ్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు మాత్రం నేరుగా ఇక్కడికి రావద్దు. నలుగురు నడిచి 18 హోల్స్ ఆడటానికి నాలుగున్నర గంటలు పడుతుంది. మీరు ఒక్కో హోల్‌కి పన్నెండేసి దెబ్బలు కొడితే వెనక వరస మొత్తం ఆగిపోతుంది. ముందు ఎక్కడైనా డ్రైవింగ్ రేంజిలో నాలుగైదు సార్లు సాధన చేసి, ఆ తర్వాత వారం మధ్యలో ట్విలైట్‌కి రండి. తొమ్మిది హోల్స్ చాలు.

ఆడకుండా ఊరికే కోర్సులోకి వెళ్లి తిరగొచ్చా?

ఫెయిర్‌వేల (గడ్డి కోసి ఉంచిన ఆట దారుల) మీదకి వద్దు. అది మర్యాద గురించి కాదు, తలకాయ గురించి. టీ (మొదటి దెబ్బ కొట్టేచోటు) దగ్గర కొట్టిన బంతి మీ వైపు వస్తున్నట్టు తెలిసేలోపే తగులుతుంది. ఎవరైనా "ఫోర్!" అని అరిస్తే పైకి చూడకండి, వెంటనే వంగి రెండు చేతులతో తల కప్పుకోండి.

కోర్సుకీ సముద్రానికీ మధ్య కరకట్ట మీద నడకదారి ఉంది. అందరికీ తెరిచి ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. కోర్సు, మడుగు, సముద్రం మూడూ ఒకేసారి కనిపించేది అక్కడి నుంచే.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. మోకాళ్ల నొప్పులున్నాయి. నడవగలరా?

కరకట్ట దారి చదునుగా ఉంటుంది, నెమ్మదిగా నడిచినా ఇబ్బంది లేదు. పొడవు ఒక కిలోమీటరు చిల్లర. పియర్ వైపు మొదలుపెట్టి దక్షిణాన మోరీ పాయింట్ అడుగు దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. మోరీ పాయింట్ పైకి వెళ్లే బూట్‌లెగర్స్ స్టెప్స్ అనే చెక్కమెట్లు మాత్రం నిటారు. మోకాళ్లు బాగున్నవాళ్లకే అవి. ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

బయల్దేరేముందు పియర్ దగ్గర టాయిలెట్‌కి వెళ్లి రావడం మంచిది, దారిలో ఏమీ ఉండదు. పెద్దవాళ్లకి స్వెటర్‌తో సరిపెట్టకండి, గాలి దూరని జాకెట్ వేయండి, చెవులకి ఏదైనా కట్టండి. ఇసుకలోకి దిగితే సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగనివ్వద్దు. ఈ తీరం ఏటవాలు. పది అలలు చిన్నగా వచ్చి పదకొండోది నడుముదాకా లాక్కుపోతుంది.

జూలైలో వెళ్తే చలికి వణికిపోయాం. అసలు ఎప్పుడు వెళ్లాలి?

సెప్టెంబరు, అక్టోబరు. వేసవిలో లోపలి లోయలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాని స్థానంలోకి సముద్రం మీది గాలి దూసుకొస్తుంది. అది చల్లటి కాలిఫోర్నియా ప్రవాహం మీదుగా రావడంతో తేమ మంచుగా మారి తీరాన్ని కమ్మేస్తుంది. లోపలి ఊరైన శాన్ రామోన్‌లో ఏసీ వేసుకున్న రోజే ఇక్కడ కోటు కావాలి.

శరదృతువులో ఆ లాగుడు తగ్గుతుంది, ఆకాశం తేటపడుతుంది. పూలకోసమైతే మార్చి నుంచి మే. మోరీ పాయింట్ వాలు మీద నారింజరంగు కాలిఫోర్నియా పాపీలు, పసుపురంగు గోల్డ్‌ఫీల్డ్స్ పూలు పరుచుకుంటాయి. ఏ నెలైనా పొద్దుటి పూట మేలు. మధ్యాహ్నం దాటాక వాయవ్య గాలి జోరందుకుంటుంది.

## చరిత్ర

గోల్ఫ్ రాకముందు ఇక్కడ ఏముండేది?

ఈ తీరం ఓలోనీ అనే స్థానిక జాతిలోని అరమాయి తెగవాళ్లది. 1769లో స్పెయిన్ తరఫున వచ్చిన పోర్టొలా దళం ఈ తీరం వెంటే నడిచింది. అదే ఏడాది నవంబరు 4న కోర్సుకి తూర్పునున్న స్వీనీ రిడ్జ్ ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతాన్ని చూసింది. సముద్రం మీద నుంచి అంతకుముందు వెళ్లిన ఓడల కంట పడని అఖాతం కొండెక్కినవాళ్లకి కనిపించింది.

తర్వాత పొలాలు. 1907 నుంచి 1920 దాకా ఓషన్ షోర్ రైల్‌రోడ్ ఈ తీరం వెంట నడిచింది. అప్పట్లో ఈ పేటని సలాడా బీచ్ అనేవారు. పసిఫికా అనే ఊరు మునిసిపాలిటీగా ఏర్పడింది 1957లో. అంటే గోల్ఫ్ కోర్సుకి ఊరికన్నా పాతికేళ్లు ఎక్కువ.

ఈ "షార్ప్" ఎవరు?

జార్జ్ షార్ప్ శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయవాది. ఆయన భార్య హొనోరా షార్ప్. ఆమె చనిపోయాక ఆమె ఆస్తి నుంచి ఈ స్థలం 1917లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి వచ్చింది. షరతు ఒకటే: ప్రజల పార్కుగానో ఆటస్థలంగానో మాత్రమే వాడాలి. తీరం వెంట ఇంత స్థలం ఇళ్లు లేకుండా మిగలడానికి అసలు కారణం ఆ షరతే. గోల్ఫ్ ఉండాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ దాన్నే పట్టుకుని వాదిస్తారు. గోల్ఫ్ ఆటే కదా అని ఒకరు, పార్కంటే అందరిదీ కదా అని ఇంకొకరు.

ఆగస్టా గీసినాయనే దీన్నీ గీశాడంటారు, నిజమేనా?

నిజం. అలిస్టర్ మెకెంజీ. మాస్టర్స్ పోటీ జరిగే ఆగస్టా నేషనల్‌ని గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి గీసినాయనే. మాంటెరే దగ్గరి సైప్రస్ పాయింట్ కూడా ఆయనదే. గోల్డెన్ గేట్ పార్కుని దశాబ్దాలపాటు చూసుకున్న జాన్ మెక్‌లారెన్ ఆయన్ని ఇక్కడికి పిలిపించాడు. కోర్సు 1932లో తెరిచారు. మెకెంజీ 1934 జనవరిలో శాంటా క్రూజ్‌లో చనిపోయాడు. అదే ఏడాది మొదలైన మాస్టర్స్‌ని ఆయన చూడలేదు.

ఆయన చదివింది వైద్యం. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో డాక్టరుగా వెళ్లి, బోయర్ సైనికులు నేల వంపుల్లో కలిసిపోయి దాక్కునే తీరుని గమనించాడు. ఆ చూపే ఆయన కోర్సుల్లో కనిపిస్తుంది. బంకర్ల (ఇసుక గుంటల) అంచులు కత్తిరించినట్టు ఉండవు, వెనకున్న గుట్ట గీతనే కొనసాగించినట్టు వంకరగా ఉంటాయి. టీ దగ్గర నిలబడితే గ్రీన్‌కి (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డికి) ఆనుకునే ఉన్నట్టనిపించే బంకర్ దగ్గరికి వెళ్తే ముప్ఫై గజాల ముందు ఉంటుంది. ఆగస్టాలో, సైప్రస్ పాయింట్‌లో మనలాంటివాళ్లని గేటు దాటనివ్వరు. షార్ప్ పార్క్ విలువ అక్కడుంది: అదే చేయి గీసిన గీత మీద మామూలు డబ్బుతో నడవొచ్చు.

మరి ఇప్పుడు మనం ఆడేది మెకెంజీ కోర్సేనా?

చాలావరకు. 18లో 12 హోల్స్ ఆయన గీసినచోటే ఉన్నాయి. మొదట్లో మరిన్ని హోల్స్ సముద్రం ఒడ్డునే ఉండేవి, అప్పుడు కరకట్ట లేదు. తెరిచిన కొన్నేళ్లకే చలికాలపు తుపానులు ఆ ఒడ్డుని కొట్టేశాయి. దాంతో 1940ల మొదట్లో మట్టి కరకట్ట కట్టారు. పోయిన హోల్స్‌కి బదులు హైవేకి తూర్పున లోయలో నాలుగు కొత్తవి వేశారు, ఇప్పటి 4 నుంచి 7 అవే. వేసినాయన జాక్ ఫ్లెమింగ్, మెకెంజీ దగ్గర పనిచేసినవాడే.

తేడా ఆడేటప్పుడే తెలుస్తుంది. లోయలో చెట్లు దగ్గరగా ఉంటాయి, గాలి తక్కువ, దారి ఇరుకు. పడమటి హోల్స్‌లో మైదానం విశాలం. ఎటు కొడితే తర్వాతి దెబ్బ సులువో ఆలోచించాలి. మెకెంజీ మొదటి ప్లానులో రెండు హోల్స్‌కి రెండేసి ఫెయిర్‌వేలు ఉండేవి: ధైర్యస్తులకి నీళ్ల పక్క దగ్గరి దారి, జాగ్రత్తపరులకి చుట్టుదారి. అవి ఇప్పుడు లేవు, పోయినవాటిలో అందరూ ఎక్కువగా తలుచుకునేవి అవే.

యుద్ధంలో ఇక్కడ జైలు ఉండేదట కదా?

ఉండేది. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1942లో లోయ తూర్పు భాగంలో షార్ప్ పార్క్ డిటెన్షన్ స్టేషన్ తెరిచారు. ఇమిగ్రేషన్ శాఖ నడిపింది. జపాన్, జర్మనీ, ఇటలీ దేశీయులని శత్రుదేశ పౌరులన్న పేరుతో పట్టుకొచ్చి ఇక్కడ ఉంచి, చాలామందిని వేరే శిబిరాలకి పంపేవారు. జపాన్ వంశస్థులని ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి తరలించిన పెద్ద శిబిరాలు వేరు, ఇది వేరు. ఇక్కడికి తెచ్చింది పేరు పేరునా అరెస్టు చేసినవాళ్లని. ఇప్పుడు అటువైపు విలువిద్య మైదానం ఉంది. బారకాసులు మిగల్లేదు.

## మడుగు, కప్పలు, పాములు

లగూనా సలాడా అనే ఈ మడుగులో ఉన్నవి ఉప్పునీళ్లా, మంచినీళ్లా?

స్పానిష్‌లో ఆ పేరుకి అర్థమే ఉప్పు మడుగు. కానీ ఇప్పుడున్నవి మంచినీళ్లే అనుకోవచ్చు. ఒకప్పుడు సముద్రానికీ మడుగుకీ మధ్య ఇసుక మేట ఒక్కటే అడ్డం. వాననీళ్లు నిండినప్పుడు తెగేది, అలలు మళ్లీ పూడ్చేవి. పులికాట్ ముఖద్వారం పూడుకుపోవడం, తెరుచుకోవడం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కోర్సు వేసేటప్పుడు మడుగు తవ్వి ఆ మట్టితోనే ఫెయిర్‌వేలు ఎత్తు చేశారు. తర్వాత కరకట్ట వచ్చి సముద్రాన్ని పూర్తిగా ఆపేసింది.

ఫలితం అంచుల్లోనే కనిపిస్తుంది: మడుగు చుట్టూ జమ్ము, తుంగ దట్టంగా పెరిగాయి. కొల్లేరులో చూసే జమ్ముకి ఇది దగ్గరి చుట్టమే. దానికి ఉప్పు పడదు.

పంపు ఎందుకు పెట్టారు? దానికీ కప్పలకీ గొడవేంటి?

ఈ పార్కు కథంతా ఆ పంపు దగ్గరే ఉంది.

కొండల మీది వాన మొత్తం ఈ పల్లానికే వస్తుంది. కరకట్ట ఉంది కాబట్టి సముద్రంలోకి తనంత తను పోలేదు. మడుగు నుంచి ఒక కాలువ దక్షిణాన హార్స్ స్టేబుల్ పాండ్ అనే కుంటలోకి వెళ్తుంది. ఆ కుంట ఒడ్డున పంపుహౌస్ ఉంది, చిన్న పంపు ఒకటి, పెద్దది ఒకటి. నీటిమట్టం పెరిగితే అవి కరకట్ట అవతలికి, సముద్రంలోకి తోడేస్తాయి. తోడకపోతే ఫెయిర్‌వేలు మునుగుతాయి, గట్టి వానైతే పక్క ఇళ్ల దాకా నీళ్లు వస్తాయి.

ఇక కప్ప సంగతి. గొడవంతా కాలిఫోర్నియా ఎర్రకాళ్ల కప్ప గురించే. ఆడకప్ప చలికాలం వానల్లో, నీళ్లు పైకి ఉన్నప్పుడే గుడ్లు పెడుతుంది. గుడ్ల ముద్ద పెద్ద నారింజపండంత ఉంటుంది, అందులో రెండు వేల నుంచి ఐదు వేల గుడ్లు. దాన్ని నీటి పైపొరకి దగ్గరగా జమ్ము కాడకి అంటిస్తుంది. పొదగడానికి 6 నుంచి 14 రోజులు. ఆ రెండు వారాల్లో పంపు నీటిమట్టాన్ని ఒక జానెడు దించితే చాలు. ముద్ద కాడకి వేలాడుతూ గాలిలో ఉండిపోతుంది, ఎండి చచ్చిపోతుంది. పంపు నడపడంలో తప్పు లేదు, ఒక్కసారిగా దించడంలో ఉంది. అందుకే గుడ్ల కాలంలో మట్టం గమనిస్తూ నడపాలని, ముద్దలు ఎక్కడున్నాయో నిపుణులు వెతికి చూడాలని షరతులు వచ్చాయి.

ఎర్రకాళ్ల కప్పని ఎలా గుర్తుపట్టాలి?

దూరం నుంచి అన్నీ కప్పలే. మూడు గుర్తులు చూడండి. పొట్ట అడుగు భాగం, వెనక కాళ్ల లోపలివైపు ఎర్రగా ఉంటాయి. వీపుకి రెండు పక్కలా కంటి వెనక నుంచి నడుము దాకా సన్నటి మడత ఉంటుంది. పెద్దది 13 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బయటి నుంచి వచ్చిన బుల్‌ఫ్రాగ్‌కి ఆ మడత ఉండదు, చెవి చుట్టూ మాత్రం వంపు తిరిగి ఉంటుంది. అది ఎర్రకాళ్ల కప్పనే తినేస్తుంది.

ఎర్రకాళ్ల కప్పని 1996లో ఫెడరల్ చట్టం కింద ముప్పున్న జీవిగా ప్రకటించారు. కాలిఫోర్నియా రాష్ట్ర ఉభయచరం కూడా ఇదే. తోకకప్ప పూర్తి కప్ప కావడానికి మూడున్నర నుంచి ఏడు నెలలు పడుతుంది. కాబట్టి వేసవిలో కుంట ముందే ఎండిపోతే ఆ ఏడాది సంతానం దక్కదు.

రాత్రి వినిపించే బెకబెకలు వాటివేనా?

కాదు. ఆ గోల అంతా బొటనవేలంత ఉండే ట్రీ ఫ్రాగ్‌లది. ఎర్రకాళ్ల కప్ప గొంతు చాలా చిన్నది, తరచూ నీళ్లలోపలి నుంచే గునుస్తుంది. పక్కన నిలబడినా తెలియదు. ఇంకో తేడా: మన దగ్గర కప్పలు అరిచేది తొలకరికి. ఇక్కడ వానలు పడేది చలికాలంలో కాబట్టి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో వినాలి.

దారి మీద రంగురంగుల పాము కనిపించింది. ప్రమాదమా?

వీపు మీద నలుపు, ఎరుపు చారలు నిలువుగా ఉండి, పొట్ట నీలి ఆకుపచ్చ రంగులో మెరుస్తుంటే అది శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ పాము. మనిషికి హాని చేయదు. నీరుకట్టెని చూసినట్టే చూడండి, దానికి మీ కన్నా భయం ఎక్కువ. 1967 నుంచి అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది. ప్రపంచం మొత్తంలో ఉండేది దాదాపు ఈ శాన్ మటేయో కౌంటీలోనే. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తిండి ముఖ్యంగా కప్పలు. కప్ప లేకపోతే పాము లేదు, అందుకే ఏ కాగితంలో చూసినా రెంటి పేర్లూ జంటగా కనిపిస్తాయి.

ఎండ కాచుకోవడానికి పొట్టి గడ్డిలోకి వస్తుంది. దానికి పెద్ద గండం గడ్డి కోసే యంత్రం. మడుగు అంచుల్లో గడ్డి పొడుగ్గా వదిలేసినచోట్లు సోమరితనంతో వదిలినవి కావు. కనిపిస్తే ఆగండి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి ఫొటో తీసుకోండి, అది వెళ్లాక కదలండి. పట్టుకోవడం, కర్రతో తోలడం చట్టప్రకారం నేరం.

పాములూ కప్పలూ సరే, చూడ్డానికి ఇంకేమున్నాయి?

జమ్ము మీద ఊగుతూ కూసే నల్లటి పిట్ట భుజం ఎర్రగా ఉంటే రెడ్‌వింగ్డ్ బ్లాక్‌బర్డ్. మన నారాయణపక్షికి పెద్దన్నలాంటి గ్రేట్ బ్లూ హెరాన్ ఫెయిర్‌వే మధ్యలో కదలకుండా నిలబడి ఉంటుంది, అది చూసేది మీ బంతిని కాదు, గోఫర్ ఎలుక కన్నాన్ని. కరకట్ట అవతల గోధుమరంగు గూడబాతులు అల అంచుని తాకుతూ వరసగా పోతాయి. గ్రే వేల్ తిమింగలాలు డిసెంబరు, జనవరిలో దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి వెళ్తాయి. తిరుగు ప్రయాణంలో పిల్లలతో ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. మోరీ పాయింట్ కొన మీద బైనాక్యులర్స్‌తో అరగంట ఓపిక పట్టండి.

మోరీ పాయింట్‌కి వెళ్లొచ్చాక కాళ్ల నిండా దద్దుర్లు. ఏం తగిలింది?

చాలావరకు పాయిజన్ ఓక్. మూడేసి ఆకులు గుత్తిగా, మెరుస్తూ ఉంటాయి, వేసవి చివర ఎర్రబడతాయి. ఇది మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. జీడి సొన తగిలితే పొక్కులు లేచే రసాయనానికి ఇందులోది దగ్గరి రకం. మామిడి సొన పడనివాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తగిలిన వెంటనే చల్లటి నీళ్లు, సబ్బుతో రుద్ది కడిగితే చాలావరకు ఆగుతుంది. బట్టలు, బూట్ల లేసులు కూడా ఉతకాలి, ఆ జిడ్డు వాటి మీద నెలల తరబడి ఉంటుంది. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలే ఉన్నా అంటుకుంటుంది.

## ఆడేటప్పుడు

బంతి జమ్ములో పడింది. వెళ్లి తెచ్చుకోవచ్చా?

వద్దు. బంతి ఖరీదు మూడు డాలర్లు. ఆ జమ్ములో మీ బూటు కింద పడేది గుడ్ల ముద్ద కావచ్చు.

ఆట పరంగా కూడా వెళ్లాల్సిన పని లేదు. ఎర్ర గుంజలున్న పెనాల్టీ ఏరియాలో పడితే ఒక దెబ్బ జరిమానా. బంతి ఆ అంచుని ఎక్కడ దాటిందో అక్కడి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కి దగ్గరవకుండా మోకాలి ఎత్తు నుంచి వదిలి ఆడండి. గుంజ తల ఆకుపచ్చగా ఉంటే అది ఆటకి నిషేధించిన భాగం. బంతి కంటికి కనిపిస్తున్నా అక్కడ నిలబడి కొట్టకూడదు.

ఎంత కొట్టినా బంతి సగంలోనే పడుతోంది. లోపం ఎక్కడ?

గాలిలో. ఎదురుగాలి గంటకి ఒక మైలు పెరిగితే దూరం సుమారు ఒక శాతం తగ్గుతుందని ఆటగాళ్ల లెక్క. అంటే 15 మైళ్ల గాలిలో 150 గజాల దెబ్బకి 170 పైచిలుకు గజాల క్లబ్ తీయాలి. వెనక గాలి మాత్రం అందులో సగమే సాయం చేస్తుంది. అందరూ చేసే తప్పు ఎదురుగాలికి గట్టిగా బాదడం. గట్టిగా కొట్టేకొద్దీ బంతికి తిరుగుడు పెరిగి పైకి లేచిపోతుంది, అక్కడే ఆగి పడిపోతుంది. పెద్ద క్లబ్ తీసుకుని, బంతి మీ వెనక పాదానికి కాస్త దగ్గరగా ఉండేలా నిలబడి, ముప్పావు ఊపుతో కొట్టండి.

మొత్తం దూరం సుమారు 6,400 గజాలు, పార్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) 72. కాగితం మీద ఇది పొడవైన కోర్సు కాదు. మధ్యాహ్నం రెండు తర్వాత చూడండి.

చలికాలంలో కొన్ని హోల్స్ మూసేస్తారెందుకు? డబ్బు తగ్గిస్తారా?

పడమటి హోల్స్ చాలా పల్లంలో ఉన్నాయి. మడుగు నిండితే నీళ్లు నేరుగా ఫెయిర్‌వే మీదకి వస్తాయి. కప్పల గుడ్ల కోసం మట్టాన్ని ఒక్కసారిగా దించకూడదు కాబట్టి నీళ్లు నెమ్మదిగానే పోతాయి. పెద్ద వాన తర్వాత నాలుగైదు రోజులు ఆగి రండి. తప్పక రావాలంటే పొద్దునే ప్రో షాప్‌కి (కోర్సు కౌంటర్‌కి) ఫోన్ చేసి మూడు అడగండి: ఏ హోల్స్ మూశారు, కార్టులు తిరగనిస్తున్నారా, మూసిన హోల్స్‌కి రేటు తగ్గిస్తారా. ఆడటం మొదలుపెట్టాక అడిగితే లాభం లేదు. బూట్లు నీళ్లు దూరనివి వేసుకోండి, ఒక జత సాక్సులు అదనంగా పెట్టుకోండి.

3వ హోల్ తర్వాత దారి కనిపించట్లేదు.

హైవే 1 కింద సొరంగం ఉంది. 4 నుంచి 7 దాకా అవతలి లోయలో ఆడి మళ్లీ అదే సొరంగంలోంచి ఇవతలికి రావాలి. రోడ్డు మీదుగా దాటే ప్రయత్నం చేయొద్దు.

## గొడవలు

కోర్టు కేసు ఏమైంది? కోర్సు మూసేస్తారా?

2011లో పర్యావరణ సంస్థలు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశాయి. పంపు నడపడం, గడ్డి కోయడం వల్ల కప్పలు, పాములు చస్తున్నాయని, అది అంతరించే జీవుల చట్టానికి విరుద్ధమని వాదన. అదే ఏడాది డిసెంబరులో, కోర్సు మూసి స్థలాన్ని నేషనల్ పార్క్ సర్వీస్‌కి అప్పగించే దిశగా నగర సూపర్‌వైజర్లు (నగర పాలకమండలి సభ్యులు) తీర్మానం చేస్తే మేయర్ ఎడ్ లీ వీటో చేశాడు. 2012లో ఫెడరల్ వన్యప్రాణి శాఖ షరతులతో అనుమతి ఇచ్చింది. దాంతో వివాదానికి విషయం మిగల్లేదని కోర్టు ఆ డిసెంబరులో కేసు కొట్టేసింది. గోల్ఫ్ మంచిదని కోర్టు చెప్పలేదు, కప్పలు క్షేమమని కూడా చెప్పలేదు. షరతులు పెట్టారు కాబట్టి కేసు అక్కర్లేదంది, అంతే.

కప్పలు బతికింది గోల్ఫ్ వల్లా, చస్తున్నది గోల్ఫ్ వల్లా?

రెండు వాదనల్లోనూ పస ఉంది. గోల్ఫ్ వైపువాళ్లు అనేది: కరకట్ట లేకపోతే మడుగు ఉప్పగా ఉండేది, కప్ప ఉండేదే కాదు. దీనికి ఆధారం ఉంది. లీటరు నీటిలో ఉప్పు నాలుగున్నర గ్రాములు దాటితే ఎర్రకాళ్ల కప్ప గుడ్లు బతకవు, సముద్రంలో 35 గ్రాములుంటుంది. 1980ల తుపానుల్లో సముద్రపు నీళ్లు లోపలికి వచ్చినప్పుడు జీవాలు దెబ్బతిన్నాయి.

అవతలివాళ్లు అనేది: ఇసుక మేట వెనక మడుగులు సహజంగానే ఎక్కువ కాలం మంచినీళ్లతో ఉండేవి, కప్పకి కావలసింది కుంటలే కానీ ఫెయిర్‌వేలు కావు. దీనికీ ఆధారం పక్కనే ఉంది. మోరీ పాయింట్‌లో నేషనల్ పార్క్ వాళ్లు కొత్తగా కుంటలు తవ్వితే కప్పలు వచ్చి గుడ్లు పెట్టాయి. మా అంచనాలో అసలు ప్రశ్న గోల్ఫా కప్పా అన్నది కాదు. ఆ కరకట్టని ఎవరు, ఎన్నాళ్లు, ఎవరి డబ్బుతో నిలబెడతారన్నదే. అది తెగిన రోజు ఇద్దరి వాదనలూ ఉప్పునీళ్లలోనే ఉంటాయి.

కోర్సులో చచ్చిన పామో కప్పో కనిపిస్తే ఏం చేయాలి?

చేత్తో ముట్టుకోవద్దు, పక్కకి తీసి పడేయొద్దు, బంతి దాని పక్కనే ఉంటే ఆ బంతి వదిలేయండి. ఎంత పొడవుందో తెలిసేలా పక్కన స్కోర్‌కార్డు పెట్టి ఒక ఫొటో, చుట్టుపక్కల కనిపించేలా ఇంకోటి తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండేలా చూసుకోండి. హోల్ నంబరు, సమయం రాసుకుని, ఆట పూర్తయ్యేదాకా ఆగకుండా ఎదురైన మొదటి సిబ్బందికో ప్రో షాప్‌కో చెప్పండి. కొంగలు, కాకులు పది నిమిషాల్లో ఎత్తుకుపోతాయి.